వలసల మంత్రి కారు తోలిన రేయాల్

వానియే పేటలో రేయాల్ షార్లబ్వా ముఖం గుర్తుపట్టనివాళ్ళు ఉండవచ్చుగానీ, అతడు ఎవరి కారు తోలుతాడో తెలియనివాళ్ళు మాత్రం లేరు. మంగలి దగ్గర కుర్చీ ఎక్కితే చాలు, "మొన్న నా మంత్రితో అంటేనూ..." అని మొదలుపెట్టేవాడు. రాజధాని ఒటావాలో వలసల శాఖ కుర్చీలో మనుషులు మారుతూనే ఉండేవారు. రేయాల్ నోట్లోని "నా మంత్రి" మాత్రం చెక్కుచెదరకుండా ఉండేవాడు.

నిజానికి ఇన్నేళ్ళలో అతడు ఏ మంత్రితోనైనా అన్న మాటలు మూడే. "అవును సార్", "కాదు సార్", "రోడ్డు జారుడుగా ఉంది సార్."

ఈ ఉద్యోగం అతడికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి తెలెస్ఫోర్ రోజుల్లో వలసలకు విడిగా శాఖ కూడా లేదు. గనులు, అడవులు చూసుకునే మంత్రిగారే వచ్చేపోయే మనుషుల్నీ చూసుకునేవారు. "బొగ్గు ఎంత తవ్వాలో, దుంగలు ఎన్ని నరకాలో, మనుషుల్ని ఎంతమందిని రానివ్వాలో, అన్నీ ఒక్క బల్ల మీదే తేలేవిరా. కాగితాల కట్టలు తారుమారు కాకపోవడం మన అదృష్టం" అని తెలెస్ఫోర్ నవ్వేవాడు. అంతకుముందెప్పుడో వ్యవసాయ మంత్రి కింద, విత్తనాల పక్కన ఉండేవారట వలస వచ్చేవాళ్ళు. రేయాల్ స్టీరింగు పట్టేనాటికి ఆ శాఖను ఉద్యోగాల శాఖకు ముడిపెట్టారు. పని ఉంటే రండి, పని అయిపోతే ఆలోచిద్దాం అన్నట్టు.

ఆ కుర్చీ కావాలని కోరి ఎక్కినవాణ్ణి రేయాల్ ఒక్కణ్ణీ చూడలేదు. పై కుర్చీకి ఎగబాకేవాడు దాన్ని మెట్టుగా వాడుకునేవాడు, పైనుంచి జారేవాడు కాసేపు పట్టుకుని వేలాడేవాడు. రానిస్తే ఎందుకు రానిచ్చావని, ఆపితే ఎందుకు ఆపావని రెండు వైపులా చీవాట్లే. అందుకే కాబోలు, వెనుక సీట్లో ఒకాయన అదేపనిగా వేరుశనక్కాయలు నమిలేవాడు, ఒకాయన కారు కదలగానే కళ్ళు మూసుకునేవాడు, ఇంకొకాయన కీర్తనలు పాడుకునేవాడు. ఎవరేం చేసినా డ్రైవరుకు వెనుక సీటు కనపడకూడదు, వినపడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, డ్రైవరు ఏదీ అడగకూడదు. ఆ శాఖ మంత్రి చేతిలో ఒక ప్రత్యేక అనుమతి ఉండేది. చట్టం పొమ్మన్నవాణ్ణి కూడా ఆయన సంతకం పెడితే ఉండనివ్వవచ్చు. ఆ సంతకం కోసం పార్లమెంటులో ప్రతిపక్షంవాళ్ళు సైతం లేచి, నడుమ దారి దాటి వచ్చి, మంత్రి చెవిలో గుసగుసలాడి పోయేవారు. అంతమంది అడుగుతారు కనకనే డ్రైవరు అడగకూడదు. అడిగిన డ్రైవరు మర్నాడు మంచు తోసే బండి మీద ఉంటాడని వాళ్ళలో సామెత.

ఇదంతా ఇదలీనాకు చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఇదలీనా ఫుర్తాదు అతడి ఇంట్లో పై అంతస్తులో అద్దెకుండేది. సముద్రం అవతలి అజోర్స్ దీవుల మనిషి. ఇళ్ళకప్పులు వేసే పనికి వచ్చిన భర్త వెంట వచ్చింది. ఆయన కప్పు మీంచి పడి చనిపోయాడు. దేశంలో ఉండడానికి ఆయన పేరు మీద నడుస్తున్న కాగితాలు ఆయనతోనే పోయాయి. ఆసుపత్రిలో నేలలు తుడుస్తూ, శనివారాల్లో కేల్ ఆకు పులుసు కాచి కింది అంతస్తుకు ఒక గిన్నె పంపేది. పెళ్ళి చేసుకోకుండా యాభై దాటించిన రేయాల్‌కు ఆ గిన్నె చూస్తే ఛాతీ ఉబ్బేది. ఛాతీ ఉబ్బితే నోరు ఊరుకుంటుందా?

"మీరేం దిగులు పడకండి. నా మంత్రితో ఒక మాట వేస్తాను" అన్నాడు.

"నిజంగానా రేయాల్ గారూ?"

"ఆయన నేనంటే ఎంతంటే... మీకు తెలీదు."

తరవాత వారం ఆవిడ అడిగింది. చెప్పానన్నాడు. నెల తరవాత అడిగింది. మంత్రి తల ఊపాడన్నాడు. దేశం వదలమన్న ఉత్తర్వు మీద అప్పీలు గడువు దగ్గరికొచ్చి వకీలు రమ్మన్నప్పుడు, "వకీలు దేనికండీ, పైనుంచే అయిపోతుంటే? కెలికితే మంత్రికి కోపం రావచ్చు" అన్నాడు. మంత్రి మారాడు. కొత్త మంత్రికీ "చెప్పాడు". గడువు దాటింది. చివరికి ఒక ఫిబ్రవరి పొద్దున ఇదలీనా తలుపు తట్టి చెప్పిన సంగతి ఇది: సాయంత్రం నాలుగింటికి ఇమిగ్రేషన్ ఆఫీసులో హాజరు కావాలి. అక్కణ్ణుంచి మిరబెల్ విమానాశ్రయానికి వాళ్ళే తీసుకుపోతారు.

"మంత్రిగారు మర్చిపోయారేమో. ఇవాళ ఒక్కసారి గుర్తుచేస్తారా?" అందావిడ, కోటు గుండీలు సవరించుకుంటూ.

"ఇవాళే" అన్నాడు రేయాల్.

ఆ రోజే మంత్రివర్గం మార్పు.

అలాంటి రోజున డ్రైవర్లకు ఒక ఆచారం ఉంది. కారులో రేడియో పెట్టరు. తన పదవి ఊడిందో నిలిచిందో వార్తలవాడి నోట వినాలని ఏ మంత్రీ కోరుకోడు. రేయాల్ నిశ్శబ్దంగా మంత్రి గార్నెట్ విట్‌కూమ్‌ను గవర్నర్ జనరల్ భవనానికి తీసుకుపోయాడు. దారిలో అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. అద్దంలో విట్‌కూమ్ ముఖం పాలిపోయి ఉంది. రెండుసార్లూ నోరు మూసుకున్నాడు.

ప్రమాణాలు లోపల జరుగుతుంటే డ్రైవర్లు బయట మంచులో కాళ్ళు తాటిస్తూ నిలబడ్డారు. ఆర్థిక మంత్రి డ్రైవరు ఉస్తాష్ సిగరెట్టు వెలిగించాడు.

"ఏరా రేయాల్, మీవాడు ఉంటాడా ఊడతాడా?"

"ఉంటాడు."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావ్? కలలోకొచ్చి చెప్పాడా?"

"పెట్టె సీటు మీదే వదిలి దిగాడు, చూడు" అని రేయాల్ కారు అద్దం వైపు గడ్డం ఆడించాడు. వెనుక సీటు మీద శాఖ కాగితాల పెట్టె ఉంది. డ్రైవర్ల శాస్త్రం ప్రకారం పెట్టె పట్టుకుని దిగినవాడు తిరిగిరాడు, పెట్టె వదిలి దిగినవాడు అదే కుర్చీకి వస్తాడు.

"అబ్బో! అయితే నీకింకేం, మంగలి షాపులో మళ్ళీ నీదే రాజ్యం" అన్నాడు ఉస్తాష్. తరవాత అతడి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏంట్రా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఇవాళ ఒకటి అడగాలి ఆయన్ని."

ఉస్తాష్ చేతిలో సిగరెట్టు ఆగిపోయింది. "అడగడమా? నువ్వా? మంచు తోసే బండికి గేర్లు గట్టివిరోయ్, ఇప్పట్నుంచే భుజాలకు నూనె రాసుకో."

విట్‌కూమ్ బయటికి వచ్చాడు. ముఖంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఉన్నచోటే ఉన్న మనిషి ఇలాగే ఉంటాడు అనుకున్నాడు రేయాల్. గేటు దాటాడు. మరో మలుపు దాటితే ధైర్యం పోతుందని తెలిసి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టాడు.

"సార్, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఏదీ అడగలేదు."

"లేదు, అడగలేదు" అన్నాడు విట్‌కూమ్, కాస్త ఆశ్చర్యంగా.

ఒకసారి ఆనకట్ట తెగాక నీళ్ళు ఆగుతాయా? ఇదలీనా భర్త కప్పు మీంచి పడటం దగ్గర్నుంచి సాయంత్రం విమానం దాకా అంతా చెప్పేశాడు. తను ఆవిడతో ఆడిన అబద్ధం ఒక్కటి మాత్రం చెప్పలేదు. "మీ ఒక్క సంతకం సార్. నాలుగింటి లోపల." అద్దంలో చూస్తే మంత్రి చెవులు కందగడ్డలా ఎర్రబడ్డాయి.

"ఆవిడ నీకు... బాగా కావలసిన మనిషా?"

"పై అంతస్తు సార్." చెప్పాక, అది సమాధానంలా లేదని రేయాల్‌కే తోచింది.

"మంచిది. చూద్దాం. ఆ కుడివైపు పోనివ్వు, కెంట్ వీధికి."

కెంట్ వీధిలో వలసల శాఖకు పనేముంది? అయినా రేయాల్ పోనిచ్చాడు. పెద్ద భవనం ముందు ఆపాడు. తలుపు తీయబోతూ పైనున్న పలక చదివాడు. మత్స్య శాఖ.

విట్‌కూమ్ దిగలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తప్పుచేసిన బడిపిల్లాడిలా కూర్చున్నాడు.

"రేయాల్, పొద్దున్నించీ నేను చేపల మంత్రిని. నువ్వు చెప్తుంటే మధ్యలో ఆపడానికి నోరు రాలేదు. సిగ్గేసింది."

"మరి పెట్టె సార్? సీటు మీదే వదిలారుగా?"

"నాది కాదు గనక వదిలాను. కొత్తావిడకు అప్పజెప్పాలి."

రేయాల్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చలిగాలి కారులోకి దూసుకుపోతున్నా మూయాలని తోచలేదు. "అయితే ఇదలీనా?"

"నీ ఇదలీనా చేప అయ్యుంటే ఇక్కడికిక్కడే ఉండనిచ్చేవాణ్ణి." ఆ మాట అన్నాక విట్‌కూమ్‌కే బాధేసింది. దిగి, అతడి భుజం తట్టాడు. "కొత్తావిడ వెర్నా కొస్త్యూక్. ఆవిణ్ణి అడక్కు. పైరవీ అంటే మండిపడుతుంది. ఆఫీసు గుమ్మం బయట ఎవరు కేసు ఎత్తినా ఉద్యోగం ఊడబీకుతానని రాత్రే అందరి ముందూ అంది. ఊరికే అనే మనిషి కాదు." ఇక చెప్పడానికేమీ లేక, చేపల మంత్రి లోపలికి పోయాడు.

రేయాల్ వంతెన మీదుగా నది అవతల, వలసల శాఖ ఉండే హల్‌కు కారు తోలాడు. ఇన్నేళ్ళూ దాచుకున్న ఒక్క విన్నపమూ చేపలపాలైంది. మధ్యాహ్నం దాటుతోంది. కొత్త మంత్రి అప్పటికే శాఖ భవనం మెట్ల మీద నిలబడి ఉంది. సస్కాచెవాన్ గోధుమ పొలాల నుంచి వచ్చిన మనిషి, పొట్టిగా, దిట్టంగా, మగవాళ్ళ బూట్లతో. తలుపు తీయడానికి అతడు దిగేలోపే తనే తీసుకుని ఎక్కింది. సీటు మీది పెట్టెను ఒళ్ళోకి లాక్కుంది.

"పార్లమెంటుకు. నీ పేరేంటి?"

"రేయాల్ మేడమ్."

"ఎంతమంది మంత్రుల్ని తోలావు?"

"లెక్కపెట్టలేదు మేడమ్. వెనుక సీటుకు రెండుసార్లు కొత్త తొడుగు వేయించారు."

ఆవిడ ఫక్కున నవ్వింది. రేయాల్ నవ్వలేదు. పాత ఇనుప వంతెన మీదికి కారు ఎక్కింది. కింద చెక్కపలకలు దడదడలాడాయి. ఈ వంతెన దాటితే పార్లమెంటు ఎంతో దూరం లేదు. ఆవిడ సభలోకి పోతే సాయంత్రం దాకా బయటికి రాదు. ఆ సాయంత్రానికి ఇదలీనా మిరబెల్ దారిలో ఉంటుంది.

"ఒక మాట చెప్పు" అంది వెనుక నుంచి. "ఇక్కడ కూర్చున్నవాళ్ళలో మంచివాడెవరు?"

"అందరూ మంచివాళ్ళే మేడమ్, దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు అందరూ ఇక ఎవర్నీ వదిలేది లేదనే ఎక్కేవారు. నెల తిరిగేసరికి ఎవరో ఒకరి మొహం గుర్తొచ్చేది. కొందరు ఆ మొహం కోసం సంతకం పెట్టారు, కొందరు నిద్రమాత్రలు వేసుకున్నారు."

పెట్టె మూత టప్పుమని మూసిన చప్పుడైంది. "నీకిప్పుడు ఎవరి మొహం గుర్తొస్తోంది?"

వంతెన సగం దాటింది. ఉద్యోగమా, ఇదలీనానా? ఉద్యోగం తండ్రిది, తనది, పేటలో తన పేరంతా అదే. ఇదలీనా విషయమో, ఎటు తిప్పి చూసినా తను చేసిన నిర్వాకమే.

"మా ఇంటి పై అంతస్తులో ఒకావిడ ఉంది మేడమ్..."

"ఆపు."

"మేడమ్?"

"కారు ఆపమన్నాను."

"వంతెన మీద ఆపకూడదు మేడమ్."

"అయితే వంతెన దాటి ఆపు. ఈలోగా ఒక్క మాట మాట్లాడావంటే నది చూపిస్తాను."

ఆ మిగతా సగం వంతెన రేయాల్ జీవితంలో అన్నిటికంటే పొడుగు దారి. పలకలు దడదడలాడుతూనే ఉన్నాయి. ఒడ్డు చేరాక పేవ్‌మెంటు పక్కగా ఆపాడు. ఆవిడ దిగింది. అతడి వైపు తలుపు తీసింది.

"దిగు. తాళాలు అందులోనే ఉండనీ."

రేయాల్ దిగాడు. కరిగీకరగని మంచు బురదలో చీలమండల దాకా కూరుకుపోయాడు. వెర్నా కొస్త్యూక్ స్టీరింగు ముందు కూర్చుని, సీటును ముందుకు జరుపుకుంది. తలుపు వేసుకుని, అద్దం దించింది.

"నా డ్రైవరు పైరవీ చేస్తే నేను వినను. నా ఆఫీసు జీతం తినేవాడెవడు చేసినా వినను. ఈ క్షణం నుంచి నువ్వు నా డ్రైవరువి కాదు, రోడ్డు మీద నిలబడ్డ పౌరుడివి. అర్థమైందా?"

"అయింది మేడమ్."

"ఇప్పుడు చెప్పు. త్వరగా."

వెనుక ఒక బస్సు హారను మోగించింది. రేయాల్ అద్దం దగ్గరికి వంగి మొదలుపెట్టాడు. కప్పు, భర్త, కాగితాలు. అన్నీ పొద్దున చెప్పినవే. కానీ ఆ బురదలో నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని చెప్తుంటే, పొద్దున మింగేసింది కూడా బయటికొచ్చింది.

"అప్పీలుకు పోకుండా ఆపింది నేనే మేడమ్. మంత్రితో మాట్లాడుతున్నానని రెండేళ్ళుగా కోతలు కోశాను. ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ నమ్మింది."

"ఎందుకు కోశావు?"

"కేల్ ఆకు పులుసు పంపేది మేడమ్. బాగుంటుంది."

బస్సు ఇంకోసారి అరిచింది.

"మగవాళ్ళు" అందావిడ. "పేరు?"

"ఇదలీనా ఫుర్తాదు."

"విన్నాను" అంది. చేస్తాననలేదు, చెయ్యననలేదు. అద్దం పైకెత్తి, ధాన్యం లారీ నడిపినట్టు గేరు వేసి, బురదంతా రేయాల్ ప్యాంటు మీదికి చిమ్మించి, దేశ వలసల మంత్రి తన కారు తనే తోలుకుంటూ పార్లమెంటు వైపు పోయింది.

రేయాల్ బస్సెక్కి ఇంటికి వచ్చాడు. ఇదలీనా వంటింట్లో నల్ల కోటుతో, తలకు గుడ్డ కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది. పక్కన పెట్టె.

"ఏమన్నారు మంత్రిగారు?"

చెప్పడానికి ఎన్ని అందమైన మాటలున్నాయో! నాలుక మీదిదాకా వచ్చాయి కూడా. రేయాల్ వాటిని మింగేశాడు.

"ఇన్నాళ్ళూ ఏ మంత్రీ ఏమీ అనలేదండీ. నేనెప్పుడూ అడగలేదు. ఇవాళే అడిగాను. ఒకాయన చేపల మంత్రి అయిపోయాడు. ఇంకొకావిడ వింది. అంతే."

ఇదలీనా కదల్లేదు. "వకీలు రమ్మన్నాడు. వద్దన్నారు మీరు."

"అన్నాను."

"మంత్రి తల ఊపాడన్నారు."

"గతుకుల రోడ్డు మీద ఎవరి తలైనా ఊగుతుందండీ."

ఆవిడ లేచింది. కొడుతుందనుకుని రేయాల్ కళ్ళు మూసుకున్నాడు. కొడితే బాగుండేది. "నా మొగుడు పోయినప్పుడు కూడా ఎవరినీ ఇంత నమ్మలేదు నేను" అందావిడ, మెల్లగా. తరవాత గడియారం చూసింది. "పద. కారు తియ్యి. ఆలస్యమైతే సంకెళ్ళు వేస్తారట." ఇన్నేళ్ళ గౌరవం ఆ ఒక్క మాటతో జారిపోయింది.

"కారు లేదు."

"ఏమైంది?"

"మంత్రిగారు తోలుకుపోయారు."

ఆవిడ తన భాషలో ఏదో అంది. అది దీవెన కాదని మాత్రం రేయాల్‌కు తెలిసింది. పెట్టె ఎత్తుకుని వెంట నడిచాడు. బస్సులో ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, అతడు వెనుక నిలబడ్డాడు. బస్సు ఆగినచోటల్లా అతడి గుండె కూడా ఆగి బయల్దేరింది.

ఆఫీసులో బల్ల వెనుక ఒక లావుపాటి అధికారి. ఇదలీనా పేరు చెప్పగానే కాగితాలు తిరగేశాడు, లేచి లోపలి గదికి పోయాడు. గోడ దగ్గర ఇద్దరు యూనిఫారంవాళ్ళు తమ చేతి తొడుగులు వేసుకుంటున్నారు, బయల్దేరడానికే. లోపల ఎవరో ఫోనులో మాట్లాడుతున్నారు. మాటలు తెలియడం లేదు. "అవును మేడమ్" అన్నది మాత్రం తెలిసింది. ఆ "అవును మేడమ్" అన్న గొంతులోని వణుకు అతడికి బాగా పరిచయం.

అధికారి బయటికి వచ్చి యూనిఫారంవాళ్ళకు చెయ్యి అడ్డం ఊపాడు.

"ప్రయాణం ఆగింది. పైనుంచి ఫోను. మంత్రిగారు మీ ఫైలు స్వయంగా చూస్తారట. సంతకం పెడతారో లేదో తరవాత సంగతి. అప్పటిదాకా ఉండొచ్చు." కుర్చీలో కూర్చుని కలం తీశాడు. "కొత్తావిడకు అన్నీ పద్ధతిగా కావాలట. మీ తరఫున అడిగిందెవరో రాసుకోమన్నారు. పేరూ, మీకేమవుతాడో."

ఇదలీనా బల్ల అంచు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. రేయాల్ వైపు వేలు చూపించింది.

"ఈయనే. రేయాల్ షార్లబ్వా. ఇంటి ఓనరు. అబద్ధాలకోరు. అలాగే రాయండి."

అధికారి తలెత్తి రేయాల్ వంక చూశాడు. "అభ్యంతరమా?"

"లేదు సార్" అన్నాడు రేయాల్. "ఉద్యోగం దగ్గర మాత్రం ఏమీ లేదని రాయండి. మధ్యాహ్నమే పోయింది."

ఇదలీనా గిర్రున తిరిగి చూసింది. ఆ సంగతి ఆవిడకు అప్పటిదాకా తెలియదు. ఏదో అనబోయి ఆగింది. కోపం తగ్గించుకోవడం ఇష్టం లేనట్టు పెదాలు బిగించి, పెట్టె వైపు కళ్ళతో సైగ చేసి, తలుపు వైపు నడిచింది. రేయాల్ పెట్టె ఎత్తుకుని, నాలుగడుగులు వెనకగా, ఇంటి బస్సు దొరికే వైపు ఆవిడ వెంట పోయాడు.